మూలవాసుల భాషకు అచ్చు తెచ్చిన జాన్ ఇలియట్



వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి పంపమని మీ సంపాదక వర్గం అడిగింది. మనకు తెలిసిన మహనీయుల గురించి ప్రతి ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. అందుకని ఈసారి కాస్త దూరం వెళ్ళాను. సముద్రాలు దాటి, మూడున్నర శతాబ్దాలు వెనక్కి వెళ్ళి, అమెరికా తూర్పు తీరంలో పనిచేసిన ఒక పాదిరి కథ తెచ్చాను. ఆయన పేరు జాన్ ఇలియట్. అమెరికా ఖండాలు రెంటిలోనూ మొట్టమొదట అచ్చయిన బైబిలు ఇంగ్లీషుది కాదు, స్పానిష్‌దీ కాదు. అక్కడి మూలవాసుల భాష అయిన మసాచుసెట్ భాషలోది. దాన్ని తెచ్చిన మనిషి ఈయన. అయితే ఈ కథలో ఆయన ఒక్కడే లేడు. మనలాగే ఊరు విడిచి బడికొచ్చి చదువుకున్న ఒక కుర్రవాడు కూడా ఉన్నాడు. అతని కోసమే నేను ఈ కథ ఎంచుకున్నానంటే అబద్ధం కాదు.

ఇలియట్ 1604లో ఇంగ్లండులోని హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో విడ్‌ఫర్డ్ అనే ఊరిలో పుట్టాడు. కేంబ్రిడ్జిలోని జీసస్ కాలేజీలో చదివి 1622లో బి.ఏ. పట్టా పుచ్చుకున్నాడు. కొంతకాలం బడిపంతులుగా పనిచేశాడు. ఆ రోజుల్లో ప్యూరిటన్లు అనే ప్రొటెస్టంట్లను ఇంగ్లండులో రాజు, పెద్ద పాదిరులు బతకనివ్వలేదు. వాళ్ళు ఓడలెక్కి అమెరికా చేరుకుంటున్నారు. ఇలియట్ కూడా 1631లో బోస్టన్‌లో దిగాడు. మరుసటి ఏడు పక్కనే ఉన్న రాక్స్‌బరీ ఊరి చర్చికి పాదిరి అయ్యాడు. అప్పటి నుంచి చనిపోయేదాకా, అంటే 58 ఏళ్ళు, అదే ఊరు, అదే చర్చి. హానా మంఫర్డ్ అనే ఆమెను పెళ్ళాడాడు. ఆరుగురు పిల్లలు. 1645లో ఆ ఊళ్ళో ఒక బడి పెట్టించాడు. రాక్స్‌బరీ లాటిన్ స్కూల్ అనే ఆ బడి ఈనాటికీ నడుస్తోంది.

చేతిలో డబ్బు నిలిచేది కాదని ఆయన గురించి ఒక కథ చెప్పుకుంటారు. జీతం ఇచ్చే కోశాధికారి, ఇంటికి చేరేలోపు దానం చేసేస్తాడని భయపడి, నాణేలను రుమాలులో కట్టి గట్టి గట్టి ముడులు వేసి ఇచ్చాడట. దారిలో ఒక బీద కుటుంబం కనబడింది. ముడులు విప్పడానికి ప్రయత్నించి, విప్పలేక, రుమాలు మొత్తం వాళ్ళ చేతిలో పెట్టేశాడట.

ఇక అసలు సంగతికి వద్దాం. తెల్లవాళ్ళు వలస రాకముందు ఆ తీరమంతా వాంపనోగ్, మసాచుసెట్, నిప్‌మక్ మొదలైన జాతుల నేల. 1616 నుంచి 1619 వరకు, ఐరోపా వాళ్ళ ఓడలతో వచ్చిన రోగాలు ఊళ్ళకు ఊళ్ళను తుడిచిపెట్టాయి. ఆ మిగిలిన జనం మీదికే వలస వచ్చింది. 1637లో పీకట్ జాతితో యుద్ధం జరిగింది. ఆ యుద్ధంలో బందీగా దొరికిన లాంగ్ ఐలాండ్ యువకుడు ఒకడు డార్చెస్టర్‌లో ఒక తెల్లవాడి ఇంట పనివాడిగా ఉండేవాడు. పేరు కాకెనో. ఇంగ్లీషు మాట్లాడడం వచ్చు, చదవడమూ నేర్చుకున్నాడు. ఇలియట్‌కు భాష నేర్పిన గురువు ఇతడే. ఇలియట్ అప్పటికే నలభై ఏళ్ళకు దగ్గరపడ్డ పెద్దమనిషి, కేంబ్రిడ్జి చదువు చదివినవాడు. గురువేమో యుద్ధంలో పట్టుబడ్డ పనివాడు. ఒక్కొక్క మాటా అడుగుతూ, పలికించుకుంటూ, రాసుకుంటూ కొన్నేళ్ళు గడిచాయి. కాకెనో తరువాత తన దీవికి తిరిగి వెళ్ళిపోయి, భూముల దస్తావేజుల దగ్గర దుబాసీగా బతికాడు.

ఆ భాష సంగతి ఒకటి రెండు చెప్పాలి. మీలో తెలుగు వ్యాకరణం అంటే పారిపోయేవాళ్ళు కూడా ఈ ఒక్క పేరా చదవండి. ఇంగ్లీషులో 'వుయ్' అంటే అందులో ఎదుటివాడు ఉన్నాడో లేడో తెలియదు. మన తెలుగులో ఆ చిక్కు లేదు. మేము వేరు, మనం వేరు. మసాచుసెట్ భాషలోనూ సరిగ్గా ఇదే తేడా ఉంది! కాబట్టి ప్రభువు ప్రార్థన మొదట్లోనే అనువాదకుడు తేల్చుకోక తప్పదు. దేవుడితోనే మాట్లాడుతున్నప్పుడు తండ్రిని 'మా తండ్రి' అనాలా, 'మన తండ్రి' అనాలా? తెలుగు బైబిల్లో 'మా' అనే ఉంది. ఇలియట్ బైబిల్లోనూ 'మా' అనే అర్థం వచ్చే రూపమే ఉంది. ఇంగ్లీషువాడికి తట్టని ఈ తేడా తెలుగువాడికి చెప్పకుండానే తెలుస్తుంది. మనకు మహత్తు, అమహత్తు ఉన్నట్టే వాళ్ళకు ప్రాణం ఉన్నవి, లేనివి అని నామవాచకాల్లో రెండు జాతులు. మాటకు మాట అతుక్కుని బారెడు పొడవు పెరిగిపోవడం కూడా ఉంది. ఆ పొడవు చూసి ఇంగ్లీషువాళ్ళు నవ్వుకునేవారు.

1646లో ఇలియట్ మొదట ఒక చోట ప్రసంగం చేస్తే అక్కడి నాయకుడు కట్షమెకిన్, జనం పట్టించుకోలేదు. విసుగుతో లేచి వెళ్ళారు. అదే ఏడు అక్టోబర్ 28న నొనాంటం అనే చోట వబన్ అనే పెద్ద ఇంట్లో మళ్ళీ ప్రయత్నించాడు. ఈసారి కూర్చుని విన్నారు. మూడు గంటలు సాగింది. చివర ప్రశ్నలు అడగమన్నాడు. వాటిలో ఒకటి నా మనసులో నుంచి పోలేదు. మేము మా భాషలో ప్రార్థన చేస్తే దేవుడికి అర్థమవుతుందా అని ఒకాయన అడిగాడు. తన నేల మీద, తన ఇంట్లో కూర్చుని, తన మాట పైవాడికి వినబడుతుందా అని సందేహపడవలసి వచ్చింది ఆ మనిషికి! హాస్టల్లో చేరిన కొత్తలో మన ఊరి మాట నోట వస్తే పక్కవాళ్ళు నవ్వుతారేమోనని నోరు మూసుకున్న రోజులు మనలో ఎందరికి లేవు? అన్ని మనుషులనూ చేసినవాడికి అన్ని భాషలూ తెలుసునని ఇలియట్ జవాబు చెప్పాడు. ఆ జవాబును నిలబెట్టడానికి ఆయనకు తరువాతి పదిహేడేళ్ళు పట్టింది.

పుస్తకం అచ్చు వేయాలంటే డబ్బు కావాలి. 1649లో ఇంగ్లండు పార్లమెంటు ఈ పని కోసమే ఒక సంస్థను ఏర్పాటు చేసింది. అక్కడ చందాలు పోగుచేసి ఇక్కడికి కాగితం, అచ్చు అక్షరాలు, జీతాలు పంపేవారు. రాజరికం తిరిగి వచ్చాక 1662లో ఆ సంస్థకు అధ్యక్షుడైనవాడు రాబర్ట్ బాయిల్. అవును, ఇంటర్మీడియట్ కెమిస్ట్రీలో మనం బట్టీపట్టిన బాయిల్ నియమం బాయిలే!

హార్వర్డ్ కాలేజీ ఆవరణలో ఈ సంస్థ డబ్బుతోనే 1650ల నడుమ ఒక ఇటుకల భవనం కట్టారు. ఇండియన్ కాలేజీ అన్నారు. ఇరవై మంది మూలవాసి విద్యార్థులు ఉండి చదువుకోవడానికి ఉద్దేశించినది. ఒక రకంగా అదీ ఒక వసతి గృహమే. కానీ అందులో చదివిన మూలవాసి కుర్రాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. కేలబ్ చీషాటూమక్ అనే అతను 1665లో పట్టా పుచ్చుకుని, మరుసటి ఏడే క్షయతో చనిపోయాడు. అతనితో చదివిన జోయెల్ అయకూమ్స్ పట్టా పుచ్చుకోవడానికి కొద్ది రోజుల ముందు ఇంటికి వెళ్ళి తిరిగి వస్తూ, ఓడ బద్దలై ప్రాణాలు పోగొట్టుకున్నాడు. అతని పట్టాను హార్వర్డ్ వాళ్ళు 2011లో ఇచ్చారు. 346 ఏళ్ళు ఆలస్యంగా. భవనం ఖాళీగా పడి ఉండటంతో అందులో అచ్చుయంత్రం పెట్టారు. ఆ గదుల్లోనే బైబిలు తయారైంది.

మొదట 1654లో చిన్న ప్రశ్నోత్తరాల పుస్తకం వచ్చింది. 1655లో ఆదికాండం, మత్తయి సువార్త వచ్చాయి. మొత్తం బైబిలు అనువాదం 1650ల చివరికి పూర్తయింది. ఇది ఒక్క చేతి పని కానేకాదు. కాకెనో వెళ్ళిపోయాక జాబ్ నెసుటన్, జాన్ ససమన్ అనే మూలవాసులు ఇలియట్ పక్కన కూర్చుని ప్రతి వాక్యం సరిచూశారు. అచ్చు పనిలోకి 1659లో వచ్చినవాడే నేను మొదట చెప్పిన కుర్రవాడు. నిప్‌మక్ జాతివాడు, ఊరు హసనమెసిట్, సొంత పేరు వావాస్. బడిలో జేమ్స్ అయ్యాడు. అచ్చుపనివాడు సామ్యూల్ గ్రీన్ దగ్గర పని నేర్చుకోవడానికి చేరాక జేమ్స్ ప్రింటర్ అయ్యాడు. పనే ఇంటిపేరు అయిపోయింది.

అచ్చు అంటే ఇప్పటి డి.టి.పి. కాదు. ఒక్కో సీసపు అక్షరాన్ని వేళ్ళతో ఏరి, తిరగేసి పేర్చాలి. పేజీ అచ్చయ్యాక మళ్ళీ విడదీసి గళ్ళలో వేయాలి. గ్రీన్‌కు ఆ భాష రాదు. రాని భాషలో బారెడు మాటలు పేరుస్తుంటే ఎక్కడ అక్షరం జారిందో ఎలా తెలుస్తుంది? తెలిసినవాడు జేమ్స్ ఒక్కడే. 1660లో లండన్ నుంచి మార్మడ్యూక్ జాన్సన్ అనే చేయి తిరిగిన పనివాణ్ణి కూడా రప్పించారు. పనిమంతుడే గానీ, ఇంగ్లండులో భార్య ఉండగానే ఇక్కడ గ్రీన్ కూతురి వెంట పడ్డాడు. కోర్టులో జరిమానా కట్టాడు, వెనక్కి వెళ్ళిపొమ్మన్నారు, అయినా పని తెలిసినవాడు దొరక్క మళ్ళీ పెట్టుకున్నారు! ఎంత పవిత్ర గ్రంథమైనా అచ్చాఫీసు అచ్చాఫీసే.

1661లో కొత్త నిబంధన వెలువడింది. 1663లో మొత్తం బైబిలు, సుమారు 1,180 పేజీలు, వెయ్యికి పైగా ప్రతులు. అమెరికా గడ్డ మీద ఇంగ్లీషు బైబిలు పూర్తిగా అచ్చు కావడానికి ఆ తరువాత 119 ఏళ్ళు పట్టింది, 1782లో గానీ రాలేదు. మన సంగతికి వస్తే, తెలుగులో మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సెరంపూరులో అచ్చయ్యాయి. ఇలియట్ బైబిలు ముఖపత్రం మీద ఆయన పేరు ఉంది. గ్రీన్, జాన్సన్‌ల పేర్లు ఉన్నాయి. జాబ్ నెసుటన్ పేరు లేదు. జేమ్స్ పేరు లేదు. రాజుకు అంకితమిచ్చిన ప్రతులు లండన్ వెళ్ళాయి. వాటిలోనూ లేవు.

ఇలియట్ అక్కడితో ఆగలేదు. 1666లో ఆ భాషకు వ్యాకరణం, 1669లో వాచకం, 1672లో తర్కశాస్త్రం మీద చిన్న పుస్తకం అచ్చు వేయించాడు. ఇంగ్లీషు భక్తి గ్రంథాలూ కొన్ని అనువదించాడు. చదవడం నేర్చినవాళ్ళు తమ పిల్లలకు, పొరుగువారికి నేర్పారు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఇలియట్‌ను దేవుణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. భాషను అంత ప్రేమగా నేర్చుకున్న మనిషి, ఆ జనం బతుకును మాత్రం ఉన్నదున్నట్టు ఒప్పుకోలేదు. మతంలోకి వచ్చినవాళ్ళ కోసం 1651లో నాటిక్‌తో మొదలుపెట్టి ప్రత్యేక ఊళ్ళు కట్టించాడు. 1674 నాటికి అలాంటివి 14 ఊళ్ళు, సుమారు 1,100 మంది జనం. అక్కడ మగవాళ్ళు జుట్టు పొడవుగా పెంచితే జరిమానా. పాత వైద్యులు, మంత్రగాళ్ళు పనికిరారు. ఇంగ్లీషువాళ్ళలా బతకాలి. మాట మీది, మర్యాద మాది అన్నట్టు. నాటిక్ వెళ్ళినవాళ్ళలో భక్తితో వెళ్ళినవాళ్ళూ ఉన్నారు, భూమి మొత్తం పోతున్నప్పుడు కాస్త నేలైనా కాగితం మీద మిగులుతుందని వెళ్ళినవాళ్ళూ ఉండే ఉంటారు. వాళ్ళను తప్పు పట్టడానికి మనమెవరం?

1675 జనవరిలో జాన్ ససమన్ శవం ఒక చెరువులో మంచు కింద దొరికింది. చంపారని ముగ్గురు వాంపనోగ్‌లను తెల్లవాళ్ళ కోర్టు ఉరితీసింది. అప్పటికే భూముల విషయంలో రగిలిపోతున్న వాంపనోగ్ నాయకుడు మెటాకామ్, తెల్లవాళ్ళు కింగ్ ఫిలిప్ అని పిలిచినవాడు, ఆ జూన్‌లో యుద్ధానికి దిగాడు. ఊళ్ళు తగలబడ్డాయి. తెల్లవాళ్ళలో ఒక ఆవేశం పుట్టింది. మూలవాసి అయితే చాలు, క్రైస్తవుడైనా శత్రువే. బైబిలును వాక్యం వాక్యం సరిచూసిన జాబ్ నెసుటన్ ఇంగ్లీషువాళ్ళ పక్షాన పోరాడుతూ ఆ వేసవిలోనే చనిపోయాడు. అయినా వాళ్ళ అనుమానం తగ్గలేదు. జేమ్స్ ప్రింటర్‌ను, మరికొందరిని హత్య నేరం మోపి పట్టుకుని, మెడలకు తాళ్ళు కట్టి బోస్టన్‌కు నడిపించారు. విచారణలో జేమ్స్ నిర్దోషి అని తేలింది. విడుదలై సొంత ఊరు చేరాడు.

అక్టోబర్ చివర ఒక రాత్రి నాటిక్ జనాన్ని, పిల్లలు ముసలివాళ్ళతో సహా, చార్లెస్ నది ఒడ్డుకు తెచ్చి పడవలెక్కించారు. బోస్టన్ రేవులోని డీర్ ఐలాండ్ అనే దీవిలో దించడానికి. ఇలియట్ అక్కడికి వచ్చాడు. ఆపలేకపోయాడు. వాళ్ళ మధ్య నిలబడి ప్రార్థన చేసి పంపించాడు. అంతకంటే ఏం చేయగలిగాడు అని కొందరు అడుగుతారు. అంతేనా చేసింది అనీ అడగవచ్చు. ఆ దీవిలో ఆ చలికాలం అయిదు వందల మంది దాకా ఉన్నారు. సరైన గుడిసెలు లేవు, కట్టెలు లేవు. తీరంలో దొరికే ఆల్చిప్పలు తిని బతికారు. ఎంతోమంది ఆకలితో, చలితో చనిపోయారు.

నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో వాళ్ళ పక్షాన గొంతెత్తిన తెల్లవాళ్ళు ఇద్దరు ముగ్గురే. అందులో ఇలియట్ ఒకడు, అధికారి డేనియల్ గూకిన్ ఇంకొకడు. పట్టుబడిన మూలవాసులను దూర దేశాలకు బానిసలుగా అమ్మడం తప్పని ఇలియట్ 1675లోనే పాలకులకు అర్జీ రాశాడు. వాళ్ళు వినలేదు, అమ్మకాలు ఆగలేదు. గూకిన్‌కు చంపుతామని బెదిరింపులు వచ్చాయి. 1676 ఏప్రిల్‌లో దీవి జనం పని మీద ఇద్దరూ పడవలో వెళ్తుంటే ఒక పెద్ద పడవ ఎదురొచ్చి గుద్దింది. 71 ఏళ్ళ ఇలియట్ నీళ్ళలో మునిగి ఉప్పునీళ్ళు తాగి, ఎలాగో బతికి బయటపడ్డాడు.

జేమ్స్ దీవికి వెళ్ళలేదు. ఆ నవంబరులో పంట కోసుకుంటున్న హసనమెసిట్ జనం దగ్గరకు నిప్‌మక్ యోధులు వచ్చి, మాతో రండి, లేకపోతే తెల్లవాళ్ళు మిమ్మల్నీ దీవికి తోలుతారు అన్నారు. మెడకు తాడు పడ్డ మనిషికి ఆ మాట అబద్ధమని ఎలా అనిపిస్తుంది? జనంతోపాటు వెళ్ళాడు. బందీగా దొరికిన మేరీ రౌలండ్సన్ అనే పాదిరి భార్యను 20 పౌన్లకు విడిపించుకునే బేరంలో, తన జాతి నాయకుల తరఫున ఇంగ్లీషు ఉత్తరం రాసింది ఇతడే. బైబిలు కోసం నేర్పిన అక్షరాలు అలా కూడా పనికొచ్చాయి. 1676 వేసవిలో లొంగిపోయినవాళ్ళకు క్షమాభిక్ష ప్రకటించగానే తిరిగి వచ్చాడు. వచ్చి మళ్ళీ గ్రీన్ అచ్చాఫీసులోనే చేరాడు. ఆగస్టులో మెటాకామ్‌ను చంపేశారు.

యుద్ధం అయ్యేసరికి 14 ఊళ్ళలో నాలుగు మిగిలాయి. పుస్తకాలు కూడా చాలా నాశనమయ్యాయి. 72 ఏళ్ళ వయసులో ఎవరైనా చాలనుకుంటారు. ఇలియట్ మళ్ళీ మొదలుపెట్టాడు. ఇక ఆ జనానికి ఇంగ్లీషే నేర్పితే పోతుంది కదా, డబ్బెందుకు దండగ అని వాదించినవాళ్ళున్నారు. ఆయన బాయిల్‌కు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి డబ్బు తెప్పించాడు. ప్లిమత్ పాదిరి జాన్ కాటన్ సాయంతో అనువాదం మొత్తం సరిదిద్దాడు. 1680లో కొత్త నిబంధన, 1685లో పాత నిబంధనతో కలిపి రెండో కూర్పు, రెండు వేల ప్రతుల దాకా. అక్షరాలు పేర్చి, తప్పులు దిద్ది, అర్థం తెలిసి పనిచేసేవాడు జేమ్స్ ఒక్కడే మాకు దిక్కు అని ఇలియట్ బాయిల్‌కు రాసిన ఉత్తరంలో ఒప్పుకున్నాడు. ముఖపత్రం మీద మాత్రం ఈసారీ పేరు వేయలేదు.

చివరి రోజుల్లో, ప్రసంగాలకు ఓపిక లేనప్పుడు, చుట్టుపక్కల ఇళ్ళలోని నల్లజాతి బానిసలను వారానికొకసారి తన దగ్గరకు పంపమని యజమానులను అడిగి చదువు చెప్పాడు. 1690 మే నెలలో, 86వ ఏట, రాక్స్‌బరీలో కన్నుమూశాడు.

జేమ్స్ పని మానలేదు. 1709లో కీర్తనలు, యోహాను సువార్త రెండు భాషల్లో పక్కపక్కనే అచ్చయ్యాయి. ఆ పుస్తకం ముఖపత్రం మీద మొదటిసారి బి. గ్రీన్, జె. ప్రింటర్ అని రెండు పేర్లూ కలిపి పడ్డాయి. పనిలో చేరిన యాభై ఏళ్ళకు.

ఆ తరువాత వంద, నూట యాభై ఏళ్ళపాటు వాంపనోగ్ జనం ఆ అక్షరాలతోనే వీలునామాలు, భూమి దస్తావేజులు, అర్జీలు రాసుకున్నారు. మతం కోసం వచ్చిన అక్షరాన్ని భూమి కోసం వాడుకున్నారు. అయినా 19వ శతాబ్దంలో భాష నోళ్ళలోంచి పోయింది. మాట్లాడేవాళ్ళు ఒక్కరూ మిగలలేదు.

1993లో జెస్సీ లిటిల్ డో బేర్డ్ అనే వాంపనోగ్ మహిళ ఆ భాషను తిరిగి లేపే పని మొదలుపెట్టారు. ఎం.ఐ.టి.లో చేరి భాషాశాస్త్రం చదివారు. మాట్లాడి చూపించడానికి మనిషి లేడు గనుక, ఇలియట్ బైబిలును, ఆ పాత దస్తావేజులను ముందు పెట్టుకుని, బంధు భాషలతో పోల్చి చూసి, మాట మాటగా పైకి తీశారు. ఆ బైబిల్లో అక్షరాలు పేర్చిన వేళ్ళు ఎవరివో మీకిప్పుడు తెలుసు. 2016లో మసాచుసెట్స్‌లోని మాష్‌పీలో చిన్నపిల్లలకు పూర్తిగా ఆ భాషలోనే చెప్పే బడి ఒకటి తెరిచారు. దాని పేరు ముకాయుసాక్ వీకూ. తెలుగులో చెప్పాలంటే, పిల్లల ఇల్లు.

— మీ హాస్టల్ పూర్వ విద్యార్థి